ఉడికితే బలం పోతుందా?

ఆకుకూరలు తినమని మీకు మళ్లీ చెప్పబోవడం లేదు. ఆ మాట బడిలో విన్నారు, అంగన్‌వాడీ గోడ మీద చదివారు, కడుపుతో ఉన్నప్పుడు ఆశా కార్యకర్త నోటెంట పదిసార్లు విన్నారు. తినాలని తెలుసు, వారంలో రెండు మూడు రోజులు వండుతున్నారు కూడా. అయినా రక్తపరీక్ష చేయించినప్పుడల్లా హిమోగ్లోబిన్ తొమ్మిది దగ్గరే ఆగిపోతోంది. ఎందుకు?

జవాబులో కొంత భాగం వంటింట్లోనే ఉంది. కట్ట విప్పిన దగ్గర్నుంచి కంచంలో పడేదాకా ఆ ఆకుకు ఏం జరుగుతోందో చూద్దాం.

జూలూరుపాడులో ఒక ఇల్లు అనుకోండి. మిర్చి ఏరే కాలం. కూలీల ఆటో వచ్చేలోపు కోడలు వంట ముగించాలి. తోటకూర తరిగి, గిన్నె నిండా నీళ్లు పోసి ఉడకబెట్టింది. మెత్తబడ్డాక చిల్లుల గిన్నెలోకి వంచి, పచ్చటి నీళ్లు మోరీలో పారబోసింది. అత్త చూడనే చూసింది.

"ఏందమ్మా, బలమంతా మోరీలో పోస్తున్నావు?"

"పసరు వాసనొస్తది అత్తమ్మా. మీ కొడుకు ముట్టడు."

"సర్లే, ఉడకబెడితేనే బలమంతా పాయె. ఇంక నీళ్లు పోస్తే ఎంత, ఉంచితే ఎంత!"

అత్త మొదటి మాట నిజం. రెండో మాట పొరపాటు, ఊళ్లో సగం మంది నమ్మేది మాత్రం ఆ రెండో మాటనే. కోడలి ఇబ్బంది కూడా ఉత్తది కాదు, దానికీ దారి ఉంది.

పొయ్యి మీద ఏం పోతుంది, ఏం మిగులుతుంది?

ఆకులో ఉన్నవన్నీ మంటకు ఒకేలా లొంగవు. ఇనుము, కాల్షియం ఖనిజాలు. ఎంత మంట పెట్టినా అవి ఎక్కడికీ పోవు. గిన్నె దాటి పోయేది ఒక్క దారినే, మీరు వంచే నీళ్లలో. సి విటమిన్ అలా కాదు. వేడికి చెడుతుంది, నీళ్లలో కరుగుతుంది, తరిగిన ఆకుకు గాలి తగిలినా తగ్గుతుంది. మామూలు వంటలోనే సగం దాకా పోవచ్చు, నీళ్లు ఎక్కువ పోసి చాలాసేపు మరిగిస్తే ఇంకా పోతుంది. కొత్త రక్తం పట్టడానికి కావలసిన ఫోలేట్ సంగతీ దాదాపు అంతే.

బీటా కెరోటిన్ తీరు వేరు. ఒంట్లోకి వెళ్లాక ఎ విటమిన్‌గా మారేది ఇదే. పచ్చి ఆకులో ఇది కణాల గోడల మధ్య చిక్కుకుని ఉంటుంది. ఉడికితే ఆ గోడలు మెత్తబడతాయి, కెరోటిన్ వదులవుతుంది, కాస్త నూనె తోడైతే పేగులు పీల్చుకుంటాయి. పచ్చి ఆకు నమిలినవాళ్లకంటే వండుకుని తిన్నవాళ్లకే ఇది ఎక్కువ దక్కుతుంది. ఈ మధ్య ఫోన్లలో చూసి పచ్చి ఆకు రసాలు తాగుతున్నవాళ్లకు ఈ ముక్క చెప్పండి.

కాబట్టి మంట గురించి దిగులు పడకండి. లెక్కలో అసలు చిల్లు పడేది నీళ్ల దగ్గర.

ఇంతకీ ఆకులో ఎంత ఉంది? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన దేశపు ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను కొత్తగా అచ్చు వేసింది. వాటి ప్రకారం 100 గ్రాముల పచ్చి తోటకూరలో కాల్షియం 330 మిల్లీగ్రాముల దాకా, ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాముల పైన ఉంటుంది. మునగాకులో కాల్షియం 300 పైచిలుకు, ఇనుము ఇంచుమించు తోటకూరంతే, మాంసకృత్తులు ఆరు గ్రాములు దాటతాయి. పాలకూరలో? కాల్షియం 80 చుట్టుపక్కల, ఇనుము మూడు. హోటళ్లు పాలకూరకు తెచ్చిన పేరు అలా ఉంచండి, మీ పెరట్లో ఎవరూ పట్టించుకోని మునగ చెట్టు దాన్ని సునాయాసంగా దాటేస్తుంది.

అయితే పొంగిపోవద్దు. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అదే సంస్థ 2020లో లెక్క కట్టింది. ఆకుల్లో, గింజల్లో ఉండే ఇనుములో మన ఒంటికి పట్టేది పదో వంతు కూడా ఉండదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం. రోజుకో చెంచాడు తోటకూరతో తీరే లోటు కాదిది. ఉన్నదాన్ని పారబోయకుండా, ఒంటికి పట్టేలా, కడుపు నిండా తినే పద్ధతి కావాలి. అదెలాగో ఒక్కొక్కటే చూద్దాం.

1. ముందు కొలత తేల్చుకోండి.

రోజుకు మనిషికి 100 గ్రాముల ఆకుకూర తినాలంటారు. అది శుభ్రం చేసిన పచ్చి ఆకు తూకం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, బాగుచేసిన ఆకును కిరాణా కొట్టు తక్కెడలో 100 గ్రాములు తూయించి చూడండి. గిన్నె నిండా కనబడుతుంది. అదే మూకుట్లో మగ్గాక గుప్పెడైపోతుంది. ఐదుగురున్న ఇంట్లో రెండు చిన్న కట్టలు పప్పులో వేసి "ఆకుకూర చేశాం" అనుకుంటే మనిషికి వచ్చేది ఎంత? పప్పు గరిటెలో నాలుగు ఆకు ముక్కలు. అవి కూడా ముందు మగవాళ్ల కంచాల్లోకి, పిల్లల కంచాల్లోకి వెళ్లి, చివర్న కూర్చునే ఇల్లాలికి గిన్నె అడుగు మిగులుతుంది. ఎక్కువ ఇనుము కావలసిన మనిషి ఆవిడే కదా! వండినప్పుడే మీ వాటా చిన్న గిన్నెలోకి తీసి పక్కన పెట్టుకోండి. ఇందులో సిగ్గు పడాల్సిందేమీ లేదు.

తోటకూర కాడలు పారేయకండి. లేతవైతే కూరలోకి, ముదిరితే నార తీసి పులుసులోకి.

2. కడిగాక తరగండి.

తరిగి కడిగితే కోసిన ప్రతి అంచు నుంచీ నీళ్లలో కరిగేవన్నీ పోతాయి. కట్ట విప్పి, వేళ్లు తీసి, పెద్ద గిన్నెడు నీళ్లలో ముంచి ఎత్తండి. మట్టి అడుగున చేరుతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి ముంచండి. తరగడం మాత్రం పొయ్యి వెలిగించే ముందు. రాత్రే తరిగి పెట్టుకుంటే తెల్లారి పని తేలికే, కానీ కాపాడుకోవాల్సిన సి విటమిన్ అక్కడే తరిగిపోతుంది. రాత్రి చేయగలిగిన పని ఉంది. కడిగి, నీళ్లు ఓడ్చి, తడి గుడ్డలో చుట్టి చల్లటి చోట పెట్టండి, తరగకుండా.

3. నీళ్లు పోయకండి, పోస్తే పారబోయకండి.

ఈ అధ్యాయంలో ఒక్క పనే చేయగలను అంటే ఇది చేయండి.

కడిగిన ఆకును పట్టుకుని ఉన్న తడే దాని వంటకు చాలు. మూకుట్లో చెంచా నూనె వేడెక్కాక ఎండుమిర్చి, వెల్లుల్లి రెబ్బలు నలగ్గొట్టి వేసి, ఆకు వేసి మూత పెట్టండి. సన్నటి మంట. రెండు నిమిషాలకు ఆకు కుంగిపోయి తన నీళ్లు తానే వదులుతుంది. అక్కడ మూత తీసి, మంట పెంచి, ఆ నీళ్లు ఆకులోకే ఇగిరేదాకా తిప్పండి. తోటకూర లేతదైతే మొత్తం ఏడెనిమిది నిమిషాల పని. కోడలు భయపడ్డ పసరు వాసన వెల్లుల్లి తాలింపులో, చివర్న ఇగురుతున్నప్పుడు వచ్చే ఆవిరిలో పోతుంది. నీళ్లు వంచక్కర్లేదు.

ఎప్పుడైనా ఉడకబెట్టాల్సి వస్తే ఆ నీళ్లు పప్పులో పోయండి. లేదా చారు కాచండి.

మినహాయింపులూ ఉన్నాయి. చామాకు నాలుక దురద పెడుతుంది, అందులోని ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల్లా గుచ్చుకోవడం వల్ల. దాన్ని చింతపండు పులుసుతో బాగా ఉడికించాల్సిందే. అవిసాకు చేదు పోవాలంటే మొదటి నీళ్లు వంచక తప్పదు. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చి, ఆకుకూరలు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకు నీళ్లు వంచడమే మేలు, ఆక్సలేట్లు కొంత ఆ నీళ్లతో పోతాయి. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ, మెంతికూరలో తక్కువ.

4. నూనె లేకుండా వండకండి.

"సన్నబడాలని నీళ్లలో ఉడికించుకు తింటున్నా" అనేవాళ్లు కనబడుతుంటారు. కెరోటిన్ కొవ్వులోనే కరుగుతుంది. మనిషికి ఒక చెంచాడు నూనె చాలు. పల్లీలు, నువ్వులు దంచి చల్లినా పని జరుగుతుంది.

5. పులుపు జతచేయండి, టీని దూరం పెట్టండి.

ఆకులోని ఇనుము పేగులకు పట్టాలంటే సి విటమిన్ పక్కనుండాలి. వంటలో సగం పోయిందనుకున్నాం కదా, పోయినదాన్ని కంచంలో తిరిగి కలుపుకోవచ్చు. పొయ్యి దించాక నిమ్మరసం పిండండి. మరిగేటప్పుడు పిండితే లాభం తగ్గుతుంది. అన్నం తిన్నాక సగం జామకాయ, లేదా ఒక ఉసిరికాయ ముక్క. చింతపండు పులుపులో సి విటమిన్ పెద్దగా లేకపోయినా అందులోని ఆమ్లాలూ ఇనుము పట్టడానికి కొంత సాయం చేస్తాయి. గోంగూర, చుక్కకూర, చింతచిగురు తమ పులుపును తామే వెంట తెచ్చుకుంటాయి. పులుపు తగిలితే ఆకు నిగారింపు పోయి ఖాకీ రంగుకు తిరుగుతుంది చూడండి, అది చూసి బలం పోయిందనుకోవద్దు. మారేది పత్రహరితం రంగే.

మరి చేలోకి పోయేవాళ్ల సంగతి? పొద్దున ఐదింటికి వండిన కూర మధ్యాహ్నం ఒంటిగంటకు డబ్బా తెరిచేసరికి సి విటమిన్ ఇంకా తగ్గి ఉంటుంది. డబ్బాతో పాటు ఒక నిమ్మకాయ పెట్టుకోండి, కోయకుండా. మిర్చి ఏరిన వేళ్లతో దాన్ని పిండితే ఘాటంతా అన్నంలోకి దిగుతుంది, పైగా చేలో కొట్టిన మందు వేళ్లకు అంటుకుని ఉంటుంది. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. నిమ్మకాయ లేదా? మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ నంజుకోండి. ఒక కాయలో ఎంతో ఉండదు గానీ, పచ్చిమిర్చి సి విటమిన్‌కు మంచి నిలయం. హంగరీలో మిరప పండించే సెగెడ్ అనే ఊళ్లో ఆల్బర్ట్ సెంట్-జార్జి అనే శాస్త్రవేత్త 1930ల మొదట్లో మిరపకాయల నుంచే సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో తీశారు. 1937లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఖమ్మం యార్డుకు మిర్చి పంపే ఊళ్లవాళ్లు చెప్పుకోదగ్గ సంగతే. ఎండుమిర్చికి మాత్రం ఆ గొప్ప లేదు, ఎండలో చాలావరకు పోతుంది.

ఇక టీ. తినగానే గట్ల మీదికి టీ వస్తుంది, కాదనలేరు. కానీ అన్నంతో పాటు, అన్నం వెంటనే తాగిన టీ ఆ భోజనంలోని ఇనుమును సగానికి పైగా ఒంటికి పట్టనివ్వదు. తిన్న గంట తర్వాత తాగండి. లేదా అన్నానికి గంట ముందే ముగించండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది, అయినా అందరూ మొండికేసేదీ దీని దగ్గరే.

చేప, మాంసం ఏదైనా కొద్దిగా ఉన్నా ఆకులోని ఇనుము మరింత పడుతుంది. మాంసంలో గోంగూర, చింతచిగురులో ఎండు రొయ్యలు కలిపి వండిన పెద్దవాళ్లకు రుచి తెలుసు. లెక్క కూడా కుదిరింది.

6. అటక మీది ఇనుప మూకుడు దించండి.

పుల్లటి కూర ఇనుప మూకుట్లో వండితే ఆ పాత్ర నుంచే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది. వండిన వెంటనే వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే నల్లబడి ఇనుప రుచి వస్తుంది. నాన్‌స్టిక్ పెనంలో ఈ లాభం లేదు.

7. వంటసోడా వేయకండి.

పచ్చగా కనబడాలని, తొందరగా ఉడకాలని చిటికెడు సోడా వేసేవాళ్లున్నారు. రంగు నిలుస్తుంది, సి విటమిన్, బి విటమిన్లు దెబ్బతింటాయి. పెళ్లి వంటల్లో కూర అంత పచ్చగా మెరుస్తుంటే కాస్త అనుమానించండి.

8. చేలో కూర మరిచిపోయారా?

సంతలో కట్ట ధర చూసి వెనక్కి తిరిగి వస్తున్నారా? తొలకరి పడ్డాక మీ చేను గట్లమీద ఏం మొలుస్తుందో ఒకసారి చూడండి. దొగ్గలి, పాయలకూర, గునుగు, తుమ్మి. చెరువు కింద తడి నేలల్లో పొన్నగంటి. బతుకమ్మలో పేర్చే గునుగు, లేతగా ఉన్నప్పుడు కమ్మటి కూర. వినాయక చవితికి తుమ్మికూర తినే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి, ఆ ఒక్క రోజుతో ఎందుకు ఆపాలి? గంగవాయిలి అని కూడా పిలిచే పాయలకూరలో, చేపల్లో ఉండే ఒమేగా-3 జాతి కొవ్వు ఉంటుంది. ఆకుకూరల్లో అది అంతగా ఉండటం అరుదు. కోయ గూడేల్లో పెద్దవాళ్లను అడిగితే అడవి అంచున ఏ నెలలో ఏ చిగురు తినొచ్చో వేళ్ల మీద చెబుతారు. వాళ్ల దగ్గర నేర్చుకోండి, వాళ్లు ఉన్నప్పుడే.

రెండు జాగ్రత్తలు, ఇవి చిన్నవి కావు.

పత్తి చేలలో ఇప్పుడు కలుపు తీయడం తగ్గి గడ్డిమందు కొట్టడం పెరిగింది. కొట్టిన తర్వాత కొన్ని రోజుల దాకా కలుపు మొక్క పచ్చగానే కనబడుతుంది, తర్వాత గానీ వాడదు. ఆకు నవనవలాడుతోందని కోయకండి. చేను ఎవరిదో వాళ్లను అడిగి, ఆ వైపు ఏ మందూ కొట్టలేదని తెలిశాకే కోయండి. పక్క చేనులో కొట్టినా గాలికి గట్టుదాకా వస్తుంది. కూర కోసమని ఇంటి దగ్గర రెండు మళ్లు విడిగా వదిలేస్తే మరీ మంచిది, ఈ మొక్కలు విత్తనం వేయకుండానే వస్తాయి.

రెండోది, తెలిసిన ఆకే కోయండి. లేత మొక్కలుగా ఉన్నప్పుడు ఉమ్మెత్త కూడా కూరాకుల్లో కలిసిపోతుంది, అది విషం. పిల్లల్ని ఒంటరిగా కూరకు పంపొద్దు. తెచ్చిన మూటను పెద్దవాళ్లు ఆకు ఆకు ఏరి చూశాకే పొయ్యి ఎక్కించాలి.

పిల్లలు ఉమ్మేస్తే?

ఉమ్మేస్తారు. పీచు నాలుకకు తగిలితే వాళ్లకు నచ్చదు. ఆరు నెలలు దాటిన బిడ్డకు పప్పు, మెత్తగా ఉడికిన ఆకు కలిపి నలిపి, నెయ్యి చుక్కతో పెట్టండి. కొంచెం పెద్ద పిల్లలకు మెంతికూర రొట్టె పిండిలో, మునగాకు గుడ్డట్టులో. ఒక్కసారి కాదన్నారని మానేయకుండా వారం వారం తిప్పి తిప్పి పెట్టండి. "తింటే చాక్లెట్ ఇస్తా" అన్నారో, కూర శిక్ష అని మీరే నేర్పినట్టు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం పెడుతున్నారు. అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మీకు అర్హత ఉంటే వెళ్లి అక్కడే కూర్చుని తినండి. ఇంటికి తెస్తే అది ఎవరి కంచంలోకి పోతుందో మీకూ తెలుసు.

ఇంత చేసినా రక్తం పెరగకపోతే?

ఆకుకూర మందు కాదు. హిమోగ్లోబిన్ బాగా తగ్గినవాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ మాత్రలు వేసుకోవాల్సిందే, కూర దానికి తోడు మాత్రమే. వట్టి కాళ్లతో చేలల్లో తిరిగేవాళ్లకు కొంకిపురుగులు పట్టి రక్తం పీలుస్తాయి, నులిపురుగుల మాత్ర వేయించుకోండి. బి12 విటమిన్ ఏ ఆకులోనూ లేదు. పాలు, గుడ్లు, చేపల నుంచి రావాలి. ఏజెన్సీ గూడేల్లో కొన్ని కుటుంబాల్లో సికిల్‌సెల్ జబ్బు ఉంటుంది. వాళ్లలో రక్తం తగ్గడానికి కారణం ఇనుము లోపమే కాకపోవచ్చు, పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఉన్నట్టుండి పెంచినా, మానినా మందు మోతాదు తప్పుతుంది. ఆకుల్లో కె విటమిన్ దండిగా ఉంటుంది మరి. రోజూ ఇంచుమించు ఒకే కొలత తినండి, డాక్టరుకు చెప్పండి.

9. ఎండాకాలానికి మునగాకు కారప్పొడి.

ఏప్రిల్, మే నెలల్లో కూరమళ్లు ఎండిపోతాయి. చింతచిగురు కొన్నాళ్లు ఆదుకుంటుంది, తర్వాత సంతలో వాడిన కట్టలే. ముందే పొడి చేసి పెట్టుకోండి. లేత మునగాకు రెమ్మలు కడిగి, నీడలో, గాలి ఆడే చోట పాత చీర మీద పరవండి. ఎండలో వేస్తే కెరోటిన్ పోతుంది. రెండు మూడు రోజుల్లో పట్టుకుంటే గలగలలాడుతుంది. రెమ్మల నుంచి ఆకు దులిపి, సన్న సెగ మీద ఒక్క నిమిషం వేడి చేయండి, మాడనివ్వకండి. రెండు గుప్పిళ్ల ఎండాకుకు గుప్పెడు ధనియాలు, చెంచా జీలకర్ర, పది ఎండుమిరపకాయలు, గుప్పెడు నువ్వులు దోరగా వేయించి, నిమ్మకాయంత చింతపండు, వెల్లుల్లి, ఉప్పు చేర్చి దంచండి. సి విటమిన్ ఈ పొడిలో దాదాపు ఉండదు, ఇనుము, కాల్షియం మాత్రం చిక్కబడి ఉంటాయి. గాజు సీసాలో మూత బిగించి, వెలుతురు తగలని చోట పెడితే రెండు నెలలు నిలుస్తుంది. తడి చెంచా పెట్టొద్దు. అన్నంలో మొదటి ముద్దకు పెద్ద చెంచాడు పొడి, చుక్క నూనె, మీద నాలుగు చుక్కల నిమ్మరసం.